రవ్వంటే శీలావతి

మా బాబాయి చెవిన "ప్యాకేజీ" అన్న మాట రెండుసార్లే గట్టిగా పడింది. మొదటిది 2016లో, ప్రత్యేక హోదా లేదు ప్రత్యేక ప్యాకేజీ పుచ్చుకోండని ఢిల్లీ వాళ్ళు తేల్చినప్పుడు. రెండోది ఇంజినీరింగ్ చదివిన మనవడికి సంబంధాలు చూస్తున్నప్పుడు, పిల్ల తండ్రి కుర్చీలో సర్దుకోకుండానే "అబ్బాయి ప్యాకేజీ ఎంతండీ" అని అడిగినప్పుడు. అందుకే మొన్న ఫోన్లో "ఏం చేస్తున్నావురా" అంటే నేను "ప్యాకేజీ వెతుకుతున్నా బాబాయ్" అనేసరికి ఆయన గొంతు తగ్గించేశాడు. "ఈ వయసులోనా? ఉన్న ఉద్యోగానికి ఏమొచ్చిందిరా?"

ఉద్యోగానికేమీ రాలేదు. వెతుకులాట ఆయన కోసమే.

బాబాయిది తాడేపల్లిగూడెం. మా వైపు గూడెం అంటే చాలు, ఏ గూడెం అని ఎవరూ అడగరు. ఉల్లిపాయల కమీషన్ కొట్టులో నలభై ఏళ్ళు గుమస్తాగా చేసి మానేశాడు. ఆయన దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి కథ. మా తాతయ్య ఎప్పుడో జాతరలో కొన్నాడట. సీసం అక్షరాలతో అచ్చేసిన అరవై నాలుగు పేజీలు. అట్ట లేదు, పేరున్న పేజీ లేదు, ఏ ప్రెస్సో తెలియదు. ఇంట్లో దాన్ని అమ్మవారి పుస్తకం అంటారు, అంతే. కాగితం గట్టిగా పట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. ఫాల్గుణంలో జాతర నాటికి దాన్ని మళ్ళీ అచ్చేయించి రెండొందల కాపీలు పంచాలని ఆయన కోరిక. మొత్తం మళ్ళీ కంపోజ్ చేయిస్తే ఖర్చు. "ఫొటో తీస్తే కంప్యూటరే చదివేస్తుందటగా. నువ్వా పెట్టె ముందే ఉంటావుగా" అన్నాడు.

నేను ఏలూరులో లెక్కల మాస్టార్ని. కంప్యూటర్ నాకు వృత్తి కాదు, వ్యసనం. అందులోనూ లినక్స్, లినక్స్ రకాల్లోనూ డెబియన్. ఫోను కూడా తెలుగు అచ్చు చదువుతుంది, కాదనను. అరవై నాలుగు పేజీలు ఒక్కొక్కటే ఫోనుకి చూపించి, వచ్చిన ముక్క పట్టుకెళ్ళి ఇంకోచోట అతికించే ఓపిక నాకు లేదు. పైగా వ్యసనపరుడికి దగ్గరి దారి రుచించదు.

లినక్స్ వాడేవాళ్ళు సాఫ్ట్‌వేర్ కోసం ఊరంతా తిరగరు. ఒక పెద్ద గిడ్డంగి ఉంటుంది, అందులో పొట్లాలు పేర్చి ఉంటాయి. ప్యాకేజీ అంటే అదే, పొట్లం. ప్రతి పొట్లం మీదా పేరు, అదేం చేస్తుందో ఒక్క వరసలో వివరం, దాంతోపాటు ఇంకా ఏయే పొట్లాలు విప్పాలో రాసి ఉంటుంది. ఉప్మా అడిగితే రవ్వ ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు కూడా తెచ్చి బల్ల మీద పెట్టే గుమస్తా ఒకడుంటాడు. డెబియన్‌లో ఆ గుమస్తా పేరు ఆప్ట్. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే కుర్రాడు తన పేరుకి ముందు ప్రియురాలు డెబ్రా పేరు తగిలించి డెబియన్ మొదలుపెట్టాడు. 1999లో వచ్చిన 2.1తో ఆప్ట్ కొలువులో చేరాడు. అలాంటి గుమస్తా లేని లినక్సుల కష్టం నేను పడ్డాను. పత్రికలతోపాటు సీడీలు వచ్చే రోజులవి. పొట్లం విప్పితే ఫలానాది లేదనేది, దాన్ని తెస్తే ఇంకోటి లేదనేది. పాటలు వినే సాఫ్ట్‌వేర్ ఒక్కదాని కోసం రెండు ఆదివారాలు తగలేశాను. ఇప్పుడా బాధ లేదు. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13 గిడ్డంగిలో 69,830 పొట్లాలున్నాయి. బాధల్లా ఏది కావాలో చెప్పడం దగ్గరే.

బాబాయి ఆ పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టుకుని పాసింజరెక్కి, పూళ్ళ, భీమడోలు, దెందులూరు దాటుకుంటూ ఏలూరొచ్చాడు. ఆర్.ఆర్.పేటలో మా ఇంటి మేడ మీద నా పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు. వెతికే ముందు ఆప్ట్ అప్‌డేట్ కొట్టాను. ఏమిటది అన్నాడు. గిడ్డంగి నుంచి తాజా చిట్టా తెప్పిస్తున్నా, ఆ తర్వాత ఏది వెతికినా మన దగ్గరున్న చిట్టాలోనే చూస్తాడు, మళ్ళీ గిడ్డంగిదాకా పోడు అన్నాను. ఆయన వెంటనే పట్టేశాడు. "అంతేగా మరి. వచ్చిన జమ ఆవర్జాకి ఎక్కించకుండా పాత పద్దు పట్టుకుని వసూలుకెళ్తే, బాకీ తీర్చేసినోడి గుమ్మంలోనే నిలబడతాం." ఇదే సంగతి మా స్కూల్లో చెప్పడానికి నాకు ఒక పీరియడ్ పట్టింది.

చిట్టా వచ్చీ రాగానే వాన అందుకుంది, నెట్ పోయింది. అయినా చిట్టా ఇంట్లోనే ఉంది కాబట్టి వెతుకులాట సాగుతూనే ఉంది. గిడ్డంగిలో ఏమేం ఉన్నాయో అన్నీ కనిపిస్తున్నాయి, ఒక్కటీ చేతికి రాదు. ఏకాదశి నాడు పెళ్ళి వంటల పట్టీ చదువుతున్నట్టు ఉంది.

స్కాన్ అని కొట్టాను. తెర నిండిపోయింది. వైరస్‌ల కోసం ఇల్లు గాలించేవి, నెట్‌వర్క్‌లో ఎవరి తలుపు తీసుందో తట్టి చూసేవి, ఇంకా ఏవేవో. ఆప్ట్‌కి మాట అర్థంతో పని లేదు. అక్షరాల వరస కనిపిస్తే చాలు, పట్టుకొస్తాడు. ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ ఉన్నాయని స్కాండినేవియాని కూడా వదలడు. చదివేది కదా అని రీడ్ అన్నాను. థ్రెడ్‌లో రీడ్ ఉంది, స్ప్రెడ్‌షీట్‌లో రీడ్ ఉంది. మూడో తరగతి పిల్లాడికి "వల అన్న మాట ఎక్కడుందో చూపించరా" అంటే నవలలోనూ, కావలసినలోనూ, అవలక్షణంలోనూ వేలు పెట్టి చూపించినట్టు. వాడు తప్పు చెప్పలేదు. మనకి పనికొచ్చేది చెప్పలేదు. అచ్చు అని తెలుగు లిపిలో కొట్టి కూడా చూశాను. ఏమీ లేదన్నాడు. పొట్లాల మీద వివరాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి మరి. ఎవరి భాషలో వాళ్ళు వాటిని రాసుకోవడానికి డెబియన్ వాళ్ళు ఒక ఏర్పాటు పెట్టారు. రాసే చేతులుండాలి.

బాబాయి విసుక్కునేలోపు ఆప్ట్ మూ అని కొట్టాను. తెర మీద గీతలతో గీసిన ఆవు ప్రత్యక్షమై, ఇవాళ అంబా అన్నావా అని అడుగుతుంది. రాసినవాళ్ళ చిలిపితనం, మరేం లేదు. బాబాయి ఆవుని తేరిపార చూసి, "ఇది మాత్రం అడగ్గానే వచ్చిందే" అన్నాడు.

నాకప్పుడు కైకలూరు చేపలావిడ గుర్తొచ్చింది.

కిందటి వేసవి సెలవులకి కరీంనగర్ నుంచి మా తోడల్లుడు వచ్చాడు. ఆటపాకలో గూడబాతుల్ని చూపించి తిరిగొస్తుంటే, రోడ్డు పక్కన తట్ట పెట్టుకున్న ఒకావిడని చూసి కారు ఆపించాడు. అద్దం దించి "అమ్మా, రవ్వ ఉన్నదా" అన్నాడు. ఆవిడ చెయ్యెత్తి "కిరాణా కొట్టు అటండి" అంది. మావాడు నవ్వి, రవ్వంటే చేపే అన్నాడు. రవ్వ చేప ఏంటో ఆవిడకి తెలియదు. కానీ తెలియదని ఊరుకోలేదు. "తల పెద్దగా ఉంటదాండి?" "లేదు, చిన్నదే." "పొలుసుంటదా?" "ఉంటది, ఎర్రగా మెరుస్తది." "శీలావతండి బాబూ" అని తడి గోనె ఎత్తి తోకతో పైకి తీసి చూపించింది. తల పెద్దదని చెప్పి ఉంటే బొచ్చె తీసేది. పొలుసు లేదంటే జెల్లో వాలగో తీసేది. అక్కడ రవ్వ, ఇక్కడ శీలావతి, హోటల్ మెనూలో రోహు. మూడు పేర్లకీ నీళ్ళలో ఉన్నది ఒకటే.

ఆవిడ చిట్టాలో రవ్వ లేదు. అయినా రెండే రెండు ప్రశ్నలు ఎదురడిగి సరుకు తీసి చేతిలో పెట్టింది. ఆప్ట్ ఎదురడగడు. 69,830 పొట్లాలూ గడగడా అప్పజెబుతాడు గానీ, తల పెద్దదా చిన్నదా అని మాత్రం అడగలేడు. నువ్వు ఏ మాట అంటావో దాన్ని పొట్లం కట్టినవాడు ముందే తలుచుకుని ఆ వివరంలో రాసిపెట్టి ఉంటేనే సరుకు దొరుకుతుంది. వెతుకులాట అంతా నా తెలివితోనే నడుస్తోందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నిజానికి సగం పని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఎప్పుడో చేసేసి వెళ్ళాడు. లేదా చెయ్యకుండా వెళ్ళాడు.

తెలుగు అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినప్పుడు మాత్రం కడుపు నిండింది. దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఖతులు, అదే ఫాంట్లు, ఒక పొట్లంలో ఉన్నాయి. సిలికానాంధ్ర వాళ్ళు చేయించిన వాటికి తెలుగు విజయం అనే పొట్లం. విప్పితే ధూర్జటి, పెద్దన, గిడుగు, గురజాడ అందరూ వరసగా కూర్చుని ఉంటారు. బతికుండగా ఆ నలుగుర్నీ ఒక పంక్తిలో కూర్చోబెట్టడం ఎవరి వల్లా అయ్యేది కాదు. రెడ్ హ్యాట్ వాళ్ళ లోహిత్ ఖతి ఇంకో పొట్లం. లోహితం అంటే ఎరుపే. టోపీ రంగు సంస్కృతంలోకి వెళ్ళింది, అంతే.

మరి ఇన్ని దొరికినా పేర్లతో పేచీ ఉండనే ఉంది. ఏలూరు స్టేషన్‌కి రైల్వే వాళ్ళ గుర్తు రెండు ఈలు, గూడేనికి టీడీడీ. హేలాపురి అని ఎంత ప్రేమగా అడిగినా టికెట్ రాదు. తెలుగుకీ అలాంటి గుర్తులు మూడున్నాయి. భాషకి రెండక్షరాలది టీఈ, మూడక్షరాలది టీఈఎల్, లిపికి నాలుగక్షరాలది టీఈఎల్‌యూ. తప్పులు దిద్దే హన్‌స్పెల్ వెనక టీఈ ఉంటుంది, ఖతుల వెనక టీఈఎల్‌యూ ఉంటుంది. పోనీ టీఈ అని వెతుకుదామంటే సిస్టమ్‌లో ఉంది, టెక్స్ట్‌లో ఉంది, సగం చిట్టా అదే. టీఈఎల్ అంటే ఇంటెల్, టెలిఫోన్, హోటల్, శాటిలైట్.

పేర్లు మారిపోవడం ఇంకో తంటా. తెలుగు ఖతుల పొట్లం పేరు ఒకప్పుడు టీటీఎఫ్‌తో మొదలయ్యేది. తర్వాత ఖతుల పొట్లాలన్నిటికీ ముందు ఫాంట్స్ అని పెట్టి వరస మార్చారు. ఇలా పేరు మార్చినప్పుడు డెబియన్ వాళ్ళు ఒక మంచి పని చేస్తారు. పాత పేరు మీద కొన్నాళ్ళు ఉత్త పొట్లం ఒకటి ఉంచుతారు. లోపల సరుకేమీ ఉండదు, కొత్త పొట్లానికి దారి మాత్రం ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న మా పేర్లూ మారాయి. ఏలూరు సొంతంగా జిల్లా అయింది, కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఇటొచ్చింది, గూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయి భీమవరం వైపు తిరిగింది. మాకు ఇప్పటికీ పశ్చిమ గోదావరి జిల్లా, ఏలూరు అని ఉత్తరాలొస్తాయి. ఆ ఉత్త పొట్లం పని మా పోస్ట్‌మాన్ చేస్తున్నాడు.

పేర్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎం17ఎన్. లినక్స్‌లో నేను తెలుగు టైపు చేసేది దాని పుణ్యానే. మల్టీలింగ్వలైజేషన్ అన్న మాటలో మొదటి ఎంకీ చివరి ఎన్‌కీ మధ్య పదిహేడు అక్షరాలున్నాయట, అదీ పేరు వెనక కథ. తెలుగు కీబోర్డు కావాలి దేవుడా అని వెతికేవాడికి ఇది ఎప్పుడు తట్టాలి? దాంట్లో తెలుగుకి ఉన్న పద్ధతుల్లో ఒకటి ఆర్‌టీఎస్. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునే ఆ పద్ధతి అమెరికాలో, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఉన్న మనవాళ్ళు కనిపెట్టారు. ఆర్ అంటే రైస్. ఈ సంగతి చెబితే బాబాయి, "మన గూడెంలో ఇన్ని రైసు మిల్లులుండగా అక్కడిదాకా పోవడం ఎందుకురా" అన్నాడు. ఆయన సరదాకి అన్నాడో నిజంగానే అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

దొరికినవాటిలో ఏది పుచ్చుకోవాలన్నది వేరే సంగతి. అక్కడ మా వైపు మాటే లినక్స్ వాళ్ళూ వాడతారు. సాఫ్ట్‌వేర్ అసలు రాసినవాళ్ళని అప్‌స్ట్రీమ్ అంటారు. అంటే ఎగువ. ఎగువన రాసింది డెబియన్ వాళ్ళు పొట్లం కడతారు, దాన్ని ఉబుంటు వాళ్ళు తీసుకుంటారు, వాళ్ళ దగ్గర్నుంచి మింట్ వాళ్ళు. దిగువకి వచ్చేకొద్దీ నీరు అందరిదీ. కొల్లేటి ఒడ్డున పుట్టినవాడికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు ఎక్కడెక్కడివో మోసుకొచ్చి కొల్లేట్లో పోస్తాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడని ముంచింది, ఆ నీళ్ళు దిగొచ్చి లంక గ్రామాల గడపలు తొక్కాయి. ఆ ఏడే మార్చి నెలాఖరున లినక్స్ ఎగువన ఎవరో విషం కలిపిన సంగతి బయటపడింది. ఫైళ్ళని కుదించే ఎక్స్‌జెడ్ అనే పొట్లంలో దొంగ తలుపు పెట్టారు. లాగిన్ అవడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వబట్టి తెలిసింది. అప్పటికే అది డెబియన్‌లో ఇంకా పరీక్ష మీదున్న వెర్షన్‌లదాకా వచ్చేసింది. జనం వాడే స్థిరమైన వెర్షన్‌కి రాకముందే పట్టుకున్నారు. నీటి రుచిలో తేడా కనిపెట్టి ఎగువదాకా నడిచివెళ్ళే మనిషి ఊరికొకడు ఉండాలి. అప్పట్నుంచి ఏ పొట్లం దొరికినా ఎవరు కట్టారు, ఎక్కడి సరుకు అని ఒకసారి చదివి గానీ విప్పడం లేదు.

వాన తగ్గాక మా వీధి చివరి పదో తరగతి పిల్ల లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చింది. బాబాయి ఆ పిల్లనీ అడిగేశాడు, ఈ పుస్తకాన్ని చదివేది ఏదన్నా ఉందామ్మా అని. ఆ పిల్ల "ఫొటోనా తాతయ్యా, పీడీఎఫ్‌ఫా?" అంది. ఫొటో అన్నాడు. "అచ్చా, చేత్తో రాసిందా?" అచ్చు అన్నాడు. "దాన్ని ఓసీఆర్ అంటారు సార్" అని నా వైపు తిరిగింది. చేపలావిడలాగే సరిగ్గా రెండు ప్రశ్నలు. ఓసీఆర్ అన్న మాట నాకు తెలియనిది కాదు. ఆ పూట నోటికి రాలేదు, అంతే.

ఓసీఆర్ ఒక్కటే కొడితే ఇంగ్లీషు స్పెల్లింగు ప్రకారం డెమోక్రసీలోనూ ఉంటుంది కాబట్టి, పక్కన తెలుగు కూడా చేర్చాను. తెర మీద రెండు పొట్లాలకి నాలుగు వరసలు మిగిలాయి. టెసరాక్ట్. ఒకటి టీఈఎల్ భాషకి, ఒకటి టీఈఎల్‌యూ లిపికి. టెసరాక్ట్ అంటే నాలుగు కొలతల ఘనం. లెక్కల మాస్టార్నయి ఉండి కూడా, తెలుగు చదివే యంత్రానికి ఆ పేరు ఉంటుందని కలలో అనుకోలేదు. హెచ్‌పీ కంపెనీ వాళ్ళు 1985లో మొదలుపెట్టి, 2005లో అందరికీ వదిలేసిన సరుకు. తర్వాత గూగుల్ చేతిలో పెరిగింది. పేరుని బట్టి అయితే ఈ జన్మకి దొరికేది కాదు. వివరంలో ఎవరో తెలుగు అన్న ఒక్క మాట రాసిపెట్టారు. రాసినవాళ్ళకి తెలుగు వచ్చో రాదో.

నెట్ రాత్రి పదింటికి వచ్చింది. పొట్లాలు దిగాయి. పేజీలన్నీ ఫొటోలు తీసి పెట్టాం కాబట్టి తెల్లారేసరికి అరవై నాలుగూ అక్షరాలయ్యాయి. తప్పులు లేకపోలేదు. అరిగిన సీసం మీద యంత్రం మాత్రం ఏం చేస్తుంది? ఒత్తులు రాలిపోయాయి, ధ ద అయింది, కొన్నిచోట్ల మ కాస్తా వు అయింది. నేను వరసగా దిద్దుకుంటూ పోయాను. ఎడమచేతి పేజీల్లో దాదాపు అన్నిటికీ నెత్తిన ఒక చిన్న వరస తగులుతోంది. ఒక పేజీలో రెండు అక్షరాలు, ఒక పేజీలో ఐదు, ఒకచోట ఉత్త చుక్కలు. చిరిగిన అంచు చెత్త అనుకుని ప్రతిసారీ చెరిపేస్తూ వచ్చాను.

మూడో రోజు బాబాయికి ప్రూఫులిచ్చాను. ఎర్ర పెన్ను పట్టుకుని, పద్దులు చూసినట్టే ఎడమచేతి వేలు వరస కింద జరుపుకుంటూ చదివాడు. నాలుగో పేజీ దగ్గర ఆగి పాత పుస్తకం తీసి పక్కన పెట్టాడు.

"పైన గీత మీద ఏదో ఉండాల్రా. ఏది?"

"చిరుగు బాబాయ్. ఏమీ తెలియట్లేదు."

"అన్ని పేజీల్లోనూ అక్కడే చిరుగుతుందా?"

కంట్రోల్ జెడ్ కొట్టుకుంటూ వెనక్కి వెళ్ళాను. చెరిపేసిన వరసలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, ముప్పై ఒకటి. అన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టాను. ఒకదాంట్లో రాలిన ఒత్తు ఇంకోదాంట్లో ఉంది. పన్నెండో పేజీ మింగేసిన అక్షరాన్ని నలభయ్యో పేజీ దాచిపెట్టింది. బాబాయి కళ్ళజోడు తెరకి ఆనించి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

అది పుస్తకం పేరు.